సంతలోంచి లేచొచ్చాం

"మీ ఆయనతో చెప్పు వదినా, టీ చల్లారిపోతోందని," అంది మా ఆడపడుచు.

మా ఆయన ఆమెకి ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ మధ్య ఒక బల్ల, దాని మీద రొట్టె ప్యాకెట్టు, అంతే. అయినా ఆ మాట నా మీదుగా వెళ్ళాలి.

"చల్లారితే చల్లారనీ అని చెప్పు," అన్నారాయన, చేతిలోని పేపరు దించకుండా.

నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కని. ఇద్దరూ పనిచేసేది ఒకే పేపరుకి, తినేది ఒకే పొయ్యి మీద వండింది, పోట్లాడుకోవడానికి మాత్రం మధ్యవర్తి కావాలి.

"నేనెవరికీ ఏమీ చెప్పను. ఇద్దరికీ నోళ్ళున్నాయి," అన్నాను.

పొయ్యి దగ్గర గుడ్లు ఉడకబెడుతున్న అత్తయ్య ఇటు తిరిగారు. "దానికి నోరుండబట్టే కదమ్మా ఇంత గొడవ," అన్నారు.

"అమ్మా, నువ్వు కూడా మొదలెట్టకు."

"నేనేమన్నానే? నోరుందన్నాను. విలేకరికి నోరు లేకపోతే ఎలా?"

గొడవ సంత గురించి. ఫోన్లో అందరూ చేరి రాసుకునే ఆ చోటుకి వేరే పేరుంది. కానీ అత్తయ్య దాన్ని సంత అనడం మొదలుపెట్టాక పైన ఇంట్లోనూ, కింద ఆఫీసులోనూ అదే ఖాయమైపోయింది. కొత్తవాడెవడో దాన్ని కొన్నాక అది మరీ కంపయిపోయింది. అరిచేవాడి మాట పైకి తేలుతుంది, వార్త రాసినవాళ్ళ మాట అడుక్కి పోతుంది.

బట్టల ఫ్యాక్టరీ మీద మా ఆడపడుచు రాసిన వార్తని మేం అందులో పెట్టిన దగ్గర్నుంచీ ఆమెకి కంటి మీద కునుకు లేదు. షిఫ్టు మొదలవగానే వెనక తలుపుకి బయటి నుంచి తాళం వేస్తున్నారని, లోపల ఏదైనా అంటుకుంటే కుట్టుపనివాళ్ళకి బయటపడే దారి లేదని రాసింది. యజమాని అంతా అబద్ధమన్నాడు. ఆ మర్నాటి నుంచి ముఖం లేని మనుషులు సంతలో ఆమె ఫోటో పెట్టి, మా వీధి పేరు పెట్టి, నోటితో అనకూడని మాటలన్నీ రాశారు. తన సొంత ఖాతా ఆమె అప్పుడే మూసేసుకుంది. పేపరు ఖాతాని మాత్రం ముట్టుకోవద్దంది.

అవన్నీ చదివి మా ఆయనకి ఒళ్ళు మండింది. నాకూ మండింది. నాకు మండితే గిన్నెలు చప్పుడవుతాయి. ఆయనకి మండితే సంపాదకీయం వస్తుంది.

నిన్న మధ్యాహ్నం వచ్చింది. 'మా విలేకరిపై జరుగుతున్న దాడికి నిరసనగా మా పత్రిక ఈ వేదికను వీడుతోంది' అని మొదలు. దాన్ని తీసుకెళ్ళి సంతలోనే పెట్టారు. సంత వదిలిపోతున్నామని సంతలో చాటింపు. ఇన్నేళ్ళలో మేం అక్కడ పెట్టినవాటిలో దేన్నీ అంతమంది చూడలేదు. చప్పట్లు, దండాలు, పువ్వుల బొమ్మలు. అవన్నీ తనివితీరా చూసుకుని, సాయంత్రానికి ఖాతా మూసేశారు.

కింద ఆఫీసులో ఆయన్ని వెనకాల ఫుల్‌స్టాప్ అంటారు. ఏ చర్చనైనా 'అంతే' అని ముగిస్తారు కాబట్టి. సిగరెట్లు మానేసిన రోజు యాష్‌ట్రే కూడా పగలగొట్టిన మనిషి. అది మా పుట్టింటివాళ్ళిచ్చిన యాష్‌ట్రే.

"వదినా, ఎడిటరు గారిని ఒక్క మాట అడుగు," అంది ఆడపడుచు. "మన పేపరు నుంచి ఏదైనా బయటికి పోవాలంటే రూలేంటో."

ఆ రూలు మా మావగారు పెట్టింది. రాసినవాళ్ళు కాక ఇంకొకరు, రాసినవాళ్ళ ఎదుట కూర్చుని, దాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. వాతావరణం కబురైనా సరే, కొళాయిలు రావన్న ప్రకటన అయినా సరే. వచ్చిన వార్తలు దిద్దే డెస్కు నాది కాబట్టి రోజూ గొంతు పోయేది నాకే.

"చదివారు," అన్నారు మా ఆయన, నాతో.

"ఎవరు? వదిన ఇంట్లో లేదు. నేను ఫ్యాక్టరీ వీధిలో ఉన్నాను. మరెవరు చదివారు?"

జవాబు పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది.

"నేను," అన్నారు అత్తయ్య.

ముగ్గురం అటు చూశాం.

"ఏం, నాకు చదువు రాదా? మీ నాన్న ఉన్నన్నాళ్ళూ సగం పేపరు నా నోటితోనే బయటికెళ్ళింది."

"మొత్తం చదివావా అమ్మా?"

"రెండు పేరాలు చదివాను. బాగుంది. ఇంతలో పాలు పొంగాయి."

"మిగతాది?"

"మిగతాది కూడా అలాగే ఉంటుందనుకున్నాను. రాసింది మీ అన్నయ్యేగా."

నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఇంత పేపరు నడిపే ఇంట్లో పాలగిన్నె దగ్గర తెగిపోయింది రూలు.

"మూడో పేరాలో ఉన్నది నేను," అంది ఆడపడుచు. ఇప్పుడు ఆ మాట నా మీదుగా వెళ్ళలేదు, తిన్నగా అన్న మీదికే వెళ్ళింది. "వాళ్ళు నన్నేమన్నారో ఒక్కొక్కటీ ఎత్తి రాశావు. నిన్నటిదాకా అవి చూడనివాళ్ళు కూడా నీ పుణ్యమా అని చూశారు. టీకొట్టు దగ్గర ఒకడు ఫోను నా ముఖం ముందు పెట్టి, 'ఇది మీరేనా మేడం' అన్నాడు."

మా ఆయన పేపరు మడిచారు. "నీ కోసమే చేశాను."

"నా కోసం చేసేముందు నన్నడగాలి కదా అన్నయ్యా."

"అడిగితే వద్దనేదానివి."

"అందుకే అడగాలి."

అత్తయ్య గుడ్లు బల్ల మీద పెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి, వెళ్ళి సింకు దగ్గర నిలబడ్డారు.

"అసలు అక్కడ ఉండి మనకి ఒరిగేదేంటి, చెప్పు," అన్నారు మా ఆయన. "అక్కణ్ణుంచి మన సైటుకొచ్చేవాళ్ళు పిడికెడు మంది. వాళ్ళ కోసం ఒక మనిషి రోజంతా కూర్చుని బూతులు తుడవాలి. పైగా మనం పెట్టే ప్రతి వార్తా ఆ సంత కొన్నవాడి దుకాణానికి సరుకే. నిన్ను తిట్టేవాళ్ళు కూర్చునే అరుగుని మనమే ఊడ్చిపెడుతున్నాం."

"ఆ అరుగు మీద మనవాళ్ళు కూడా ఉన్నారు. ఫ్యాక్టరీలో మన పేపరు ఎంతమంది కొంటారు? సైటు ఎవరు చూస్తారు? నేను రాసింది వాళ్ళు చదివింది సంతలోనే."

"వేరేచోట చదువుతారు. కొత్తవి చాలా వచ్చాయి."

"నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తారా వాళ్ళు? నాన్న బస్టాండులో నిలబడి పేపర్లు అమ్మాడు. అక్కడ జేబుదొంగలున్నారని మానేశాడా?"

"జేబుదొంగల్ని బస్టాండువాడు పిలిచి కూర్చోబెట్టలేదు. ఇక్కడ వాడే కూర్చోబెడుతున్నాడు."

నా మట్టుకు నాకు ఇద్దరూ చెప్పేది నిజమే అనిపించింది. అదే నా ఖర్మ. ఒకరిదే తప్పయితే ఆ ఒకర్ని తిట్టి నా పని నేను చూసుకుందును.

"పోనీ ఇంకొక మాట," అన్నారు మా ఆయన, గొంతు తగ్గించి. "నిన్ను అలా అంటుంటే చూస్తూ ఊరుకోమంటావా? రోజూ పొద్దున్నే లేచి అవి చదివేవాణ్ణి. నువ్వు చూడకముందే తుడిచేద్దామని. ఎన్ని తుడిచినా వస్తూనే ఉన్నాయి."

ఆయన అలా మాట్లాడటం నేనే ఎప్పుడో గాని వినను. ఆడపడుచు గుడ్డు పెంకు గోటితో గీకుతూ కూర్చుంది. ఇక్కడితో చల్లారుతుందనుకుని, మళ్ళీ టీ పెడదామని నేను లేచాను కూడా.

"నాకు జరిగింది పోనీ," అందామె. "కాజాలమ్మాయి సంగతేంటి?"

"ఆమెకేమైంది?"

"ఆ ఫోటో ఎక్కడికి పంపుతుంది అన్నయ్యా?"

కాజాలమ్మాయి అంటే ఆ ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు తీసే మిషను మీద పనిచేసే పిల్ల. అసలు పేరు ఆడపడుచుకి తప్ప ఎవరికీ తెలియదు. మేం అడగలేదు, అడక్కూడదు కూడా. వెనక తలుపు తాళానికి ఫోటో తీసి పంపుతానని మాటిచ్చింది. ఆ ఫోటో లేకనే కదా యజమాని అంత ధీమాగా అబద్ధమన్నది. గేటు దగ్గర సూపర్‌వైజరు ఆడవాళ్ళ ఫోన్లు తీసుకుని ఎవరెవరితో మాట్లాడారో చూస్తాడు. మా నంబరు కనిపిస్తే ఉద్యోగం ఊడినట్టే. సంత అయితే అందరి ఫోన్లోనూ ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. అందుకని సంతలో మా పేపరు పేరు వెతికి, దానికి చాటుగా మెసేజీ పెట్టమని ఏర్పాటు చేసుకున్నారిద్దరూ.

"ఈ ఏర్పాటు నాకు చెప్పావా?" అన్నారు మా ఆయన.

"చెప్పాను. నీ కాబిన్లోనే. 'సరే' అన్నావు."

ఆయన 'సరే' నాకు తెలుసు. పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాను. బుర్ర ఎక్కడో ఉన్నప్పుడు అదొక్కటే మాట బయటికొస్తుంది.

"ఖాతా అలాగే ఉంచి, ఇక్కడ ఏమీ పెట్టం అని ఒక ముక్క రాసి ఊరుకుంటే సరిపోయేది కదండీ," అన్నాను నేను. అప్పటిదాకా ఎవరి పక్షమూ కాను. "పూర్తిగా పీకేయడమెందుకు?"

"వదలడమంటే వదలడమే. గడప బయట ఒక కాలు, లోపల ఒక కాలు నావల్ల కాదు. ఆ అమ్మాయికి వేరే దారి చూద్దాం. అంతే."

ఫుల్‌స్టాప్ పడింది. ఆడపడుచు కుర్చీ వెనక్కి నెట్టి కిందికి వెళ్ళిపోయింది. గుడ్డు అలాగే ఉండిపోయింది.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టాడు మీ ఆయన," అన్నారు అత్తయ్య నాతో, కొడుకు వినేలా.

కింద ఆఫీసులో పొద్దున్నంతా ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పాఠకులు, పాత మిత్రులు, ఒక రిటైర్డు మాస్టారు, అందరూ ఎడిటరు గారిని అభినందించేవాళ్ళే. కాబిన్ తలుపు తీసే ఉంది. "విలువల ముందు సంఖ్యలెంతండీ," అని ఆయన అంటుంటే నాకు పేజీ మీద కన్ను నిలవలేదు. ఆ విలువల పక్కనే, మెట్ల కింద, అమ్ముడుపోక తిరిగొచ్చిన పేపర్ల కట్టలు నడుం ఎత్తున ఉన్నాయి.

ఆడపడుచు తన బల్ల దగ్గర కూర్చుని పెన్ను మూత కొరుకుతోంది.

"ఆ అమ్మాయిని ఇంటి దగ్గర కలవలేవా?" అన్నాను.

"ఇల్లెక్కడో నేనడగలేదు వదినా. తనకీ అదే మంచిదనుకున్నాం. గేటు దగ్గరికెళ్దామంటే ఇప్పుడు నా ముఖం ఊరందరికీ తెలుసు. ఎవరితో నిలబడితే వాళ్ళని పట్టుకుంటారు."

ఆమె ముఖం పీక్కుపోయింది. వాళ్ళన్ని మాటలన్నప్పుడు కూడా ఇలా లేదు.

మొదటి పేజీ ప్రూఫు పట్టుకుని నేను కాబిన్లోకి వెళ్ళాను. మా ఆయన ఏదో చటుక్కున ఫైలు కింద దాచారు. దాచింది సగం బయటికే ఉంది. పువ్వుల కవరున్న ఫోను, అత్తయ్యది.

"ఇదేంటండీ?"

"ఏం లేదు."

ఫైలు ఎత్తాను. ఫోన్లో సంత తెరిచి ఉంది. మా పేపరు వెళ్ళిపోవడం గురించి ఎవరెవరు ఏమన్నారో వెతుకుతున్నారు.

"గడప బయట ఒక కాలు, లోపల ఒక కాలు మీవల్ల కాదన్నారు. ఇప్పుడు గోడెక్కి తొంగిచూస్తున్నారా?"

"అమ్మకి ఇందులో ఖాతా ఉందని నీకు తెలుసా?" అన్నారాయన, మాట మారుస్తూ.

తెలియదు. ఆ సంగతి అడిగేలోపే అత్తయ్య మెట్లు దిగి వచ్చేశారు. "నా ఫోను ఎవరు తీశారు? గులాబీకి చీడ పడితే ఏం చెయ్యాలో ఎవరో చెప్తానన్నారు, చూసుకోవాలి." ఫోను నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, వేలితో నాలుగుసార్లు గీశారు. తర్వాత వేలు ఆగింది.

"అబ్బాయ్, మూసేశానన్నావు. మన పేపరు ఇదిగో ఉందిగా."

"పాతది కనపడుతోందమ్మా. పూర్తిగా పోవడానికి టైం పడుతుంది."

"పాతదైతే ఇవాళ పొద్దున్న ఎలా రాస్తుందిరా?"

ఫోను నేను తీసుకున్నాను. మా పేపరు పేరే. పేరు రాసే తీరూ, పేరు కింద మావగారు పెట్టిన వాక్యమూ అన్నీ మావే. నాకున్న అలవాటు కొద్దీ పైకే చదివాను. "పాఠకుల కోరికపై తిరిగి వచ్చాం. ఫ్యాక్టరీ వార్తపై మీ దగ్గరున్న ఫోటోలు, వివరాలు మాకు నేరుగా పంపండి. మీ పేరు రహస్యంగా ఉంచుతాం."

ఎప్పుడొచ్చిందో ఆడపడుచు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇది ఎవరు పెట్టారు?"

"మనం కాదు," అన్నారు మా ఆయన.

"నువ్వు పేరు ఖాళీ చేసి ఇచ్చావు. ఎవడో వచ్చి కూర్చున్నాడు."

"ఫిర్యాదు చేస్తాను. ఇప్పుడే చేస్తాను." కంప్యూటరు ముందుకి లాక్కున్నారు. టకటకా కొట్టారు. ఆగారు. మళ్ళీ కొట్టారు.

"ఏమైంది?" అన్నాను.

"ఫిర్యాదు చెయ్యాలంటే ముందు ఖాతా ఉండాలట."

నాకు తల ఎక్కడైనా కొట్టుకోవాలనిపించింది. అత్తయ్య ఖాతా నుంచి ప్రయత్నించాం. ఆ పేపరు మాదేనని రుజువు చూపించమంది సంత. మా దగ్గరున్న రుజువల్లా నిన్న సాయంత్రం ఆయన చేత్తో చెరిపేసిన ఖాతాయే.

"రేపు మొదటి పేజీలో వేద్దాం," అన్నారు మా ఆయన. "అది మాది కాదు, ఎవరూ నమ్మొద్దు అని. పెద్ద అక్షరాల్లో."

"కాజాలమ్మాయి మన పేపరు కొనదన్నయ్యా."

అత్తయ్య ఫోనుని కొంగులో చుట్టేసి పట్టుకున్నారు, తప్పంతా ఆ ఫోనుదే అయినట్టు.

నా బల్ల మీద ల్యాండ్‌లైను మోగింది. ఇంకొక అభినందన అయ్యుంటుందని విసుక్కుంటూ వెళ్ళి ఎత్తాను.

"పేపరాఫీసేనాండీ?" ఆడపిల్ల గొంతు, గుసగుసగా. వెనకాల బస్సుల మోత.

"అవునమ్మా."

"అక్కకి చెప్పండి, కాజాల మిషను దగ్గర్నుంచి అని. టైం లేదు, తిండి బ్రేకులో ఎదురుకొట్టు నుంచి చేస్తున్నా. పొద్దున్నే అన్నీ పంపించేశానని చెప్పండి."

"ఎవరికి పంపావమ్మా?"

"మీకేగా. అక్క సంత అంటుందే, అందులో. తాళం ఫోటో పంపాను, వేసే మనిషిది కూడా పంపాను. మీవాళ్ళు చాలా మర్యాదగా మాట్లాడారండీ. పేరు అడిగారు, ఏ లైన్లో కూర్చుంటానో అడిగారు. వార్త గట్టిగా నిలబడాలంటే కావాలన్నారు. ఇచ్చాను. రేపటి పేపర్లో వచ్చేస్తుందా?"

"ఒక్క నిమిషం ఉండమ్మా, లోపలికి వెళ్ళకు, ఉండు," అన్నాను. నా ముఖం చూసి ఆడపడుచు పరుగున వచ్చి రిసీవరు లాక్కుంది.

"నేనే, అక్కని. విను. నువ్వు మాట్లాడింది మాతో కాదు. ఫ్యాక్టరీలోకి వెళ్ళకు, అటు నుంచి అటే ఇంటికెళ్ళిపో. వింటున్నావా?"

అవతల నుంచి మగగొంతు వచ్చింది, కొట్టతనిది కాబోలు. పక్కనున్న నాకు కూడా వినిపించింది.

"ఆ పిల్ల లేదండీ. ఫోను ఇక్కడ పెట్టేసి వెళ్ళింది. గేటు దగ్గర్నుంచి సూపర్‌వైజరు పేరు పెట్టి పిలిచాడు."

"లోపలికి వెళ్ళిందా?"

"వెళ్ళింది. బెల్లు కూడా కొట్టేశారు."

ఆడపడుచు రిసీవరు నా చేతిలో పెట్టేసి గుమ్మం వైపు నడిచింది. ఒక చెప్పులో కాలు పెట్టింది.

"నువ్వు ఆ గేటు దగ్గర కనిపిస్తే," అన్నాను, చెప్పక తప్పక, "వాళ్ళకి ఏమన్నా అనుమానం మిగిలుంటే అది కూడా తీరిపోతుంది."

ఆమె అక్కడే ఆగిపోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెళ్తే ఆ పిల్లని మేమే పట్టిచ్చినట్టు, వెళ్ళకపోతే తాళం పడిన తలుపుల వెనక ఒంటరిగా వదిలేసినట్టు.

మా ఆయన కాబిన్లోంచి బయటికొచ్చారు. చేతిలో బండి తాళాలున్నాయి. చెల్లెలికి రెండడుగుల దూరంలో నిలబడ్డారు.

"నన్నేం చెయ్యమంటావో చెప్పు," అన్నారు. "నువ్వెలా అంటే అలా చేస్తాను."

ఆమె అన్నవైపు తిరగలేదు.

"ఇప్పుడడుగుతున్నావా," అంది.